పిడికిలంత

రంగులక్క లేత గులాబీ రంగులో ఇంకో చుక్క ఎరుపు కలిపి, కుంచెను గిన్నె అంచుకు రాసి, గర్భాశయం లోపలి పొరకు పూయడం మొదలుపెట్టింది. నిలువుగా సగానికి కోసినట్టు పోతపోసిన ప్లాస్టర్ నమూనాలు ఆమె ముందు బల్లమీద వరసగా వెల్లకిలా ఉన్నాయి. పాఠశాలలకు వెళ్లే సరుకది. నడుమ బోర్లించిన బేరిపండులా గర్భాశయం, దాని భుజాల నుంచి రెండు పక్కలకూ వంగిన నాళాలు, వాటి చివర వేళ్లలా విచ్చుకున్న కుచ్చులు, కుచ్చుల పక్కన బాదంకాయల్లా రెండు అండాశయాలు. ఒక్కో నమూనా ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. కుచ్చుల దగ్గరికి వచ్చేసరికి ఆమెకు మెడ లాగుతుంది. అక్కడ సన్న కుంచె పట్టాలి, ఊపిరి బిగబట్టాలి.

చేరిన కొత్తలో అచ్చులు పోసే ఆయన ఒక్కొక్క భాగమూ చూపించి చెప్పాడు. నెలనెలా అండాశయం నుంచి ఒక అండం బయటపడుతుంది. కుచ్చు దాన్ని అందుకుని నాళంలోకి పంపుతుంది. ఈలోగా గర్భాశయం లోపలి పొర మందంగా పెరిగి ఎదురుచూస్తుంది. ఎవరూ రాకపోతే ఊడి నెత్తురుతో పోతుంది. అందుకే ఆ పొర ముదురు రంగులో ఉండాలన్నాడు. ఆమె తలూపింది. ఎదురుచూడటం గురించి ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. కడుపు పండలేదని అత్తింటివాళ్లు అప్పటికే ఆమెను పుట్టింటికి పంపేశారు. ఆ తర్వాత ఆమె కోసం ఎవరూ రాలేదు.

"ఆ పొరకి అన్ని పూతలెందుకు రంగులక్కా? పెళ్లికూతురికైనా అంత పూయరు," అన్నాడు అచ్చులాయన గోనెపట్టా మీంచి లేస్తూ. వయసులో పెద్దవాడైనా అందరిలాగే అక్కా అనే పిలుస్తాడు.

"పిల్లలు చూసేది రంగునే అన్నా. నీ అచ్చు మొహం ఎవరు చూస్తారు?"

"అచ్చు లేకపోతే నీ రంగు గాలికి పూస్తావా?"

రోజూ ఉండే మాటలే. రోజూ నవ్వేది, ఇవాళ నవ్వలేదు. కుంచె కడిగి, నడుముకు చుట్టుకున్న గుడ్డ విప్పి, పూటకు సెలవడిగింది.

ఏళ్ల కిందట ఆగిపోయిన నెత్తురు ఈమధ్య మళ్లీ కనిపించింది. మరకలైన బట్టల్ని రంగు తుడిచే గుడ్డల్లో కలిపి దాచబోతే చెల్లెలు పసిగట్టి ఆసుపత్రికి లాక్కెళ్లింది. పరీక్షలు చేశారు. గర్భాశయం తీసేయాల్సి రావచ్చని అప్పుడే చెప్పారు. ఇవాళ ఫలితం. తీయించుకోనని రంగులక్క చెల్లెలితో తెగేసి చెప్పింది. ఎందుకని అడిగినా అదే మాట అంది. "దాంతో ఏం బావుకున్నావక్కా?" అని నోరు జారి, చెల్లెలు ఆ పూటంతా తలెత్తి చూడలేదు.

రంగులక్కకు అది ఒక గది. బల్లమీది నమూనా అంత పెద్దది, ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా పరుచుకున్నది. జీవితమంతా తాళం వేసి ఉంచిన గదే అయినా, దాన్ని కూల్చేశాక తనలో మిగిలేదేమిటో ఆమెకు తెలియలేదు.

ఆసుపత్రికి చెల్లెలు కూడా వచ్చింది. డాక్టరమ్మ చిన్నపిల్లే. ఆమె బల్లమీదా ఒక నమూనా ఉంది. ఎవరు వేశారో, లోపలా బయటా ఒకే రంగు. డాక్టరమ్మ కలం మొనతో లోపలి పొరను తాకి, రాచపుండు ఇక్కడ మొదలైందనీ, గోడ దాటకముందే గర్భాశయాన్నీ నాళాలనూ అండాశయాలనూ కలిపి తీసేయడం మంచిదనీ నెమ్మదిగా చెప్పింది. వద్దనుకుంటే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పింది.

"అదంతా తీసేస్తే లోపల ఇంకేం ఉంటుందమ్మా?" అంది రంగులక్క.

"అదంతా అంటే?"

రంగులక్క రెండు అరచేతులూ తుంటికీ తుంటికీ ఆనించి చూపించింది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. పిడికిలి బిగించి ఆమె ముందు ఉంచింది. "ఇంతేనమ్మా ఉండేది. మీ వయసుకి ఇంకా చిన్నదవుతుంది. వెనక బెంచీల్లో వాళ్లకి కూడా కనబడాలని బొమ్మని పెద్దగా చేస్తారు."

రంగులక్క ఆ పిడికిలినే చూసింది. తర్వాత తన చెయ్యి మూసి చూసుకుంది. గోళ్ల సందుల్లో గులాబీ రంగు ఎండిపోయి ఉంది.

"ఇంతదానికా," అంది, "వాళ్లంతా అన్ని మాటలన్నారు."

చెల్లెలు ఆమె మణికట్టు పట్టుకుంది. రంగులక్క, "సరే, తీసేయండి," అంది.

పూటకు సెలవు తీసుకున్నా ఆమె తిరిగి పనికి వెళ్లింది. మిగిలిన కుచ్చులు పూర్తిచేసి, ఆపరేషన్ ఉందనీ, కొన్నాళ్లు రాననీ అచ్చులాయనతో చెప్పింది. కోలుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందని మాత్రం అడిగాడు. తెలియదంది. అతని తొట్టి అడుగున ప్లాస్టర్ గట్టిపడబోతోంది. ఆమె ఒక ముద్ద తీసి పిడికిట్లో బిగించి నిలబడింది. ముద్ద మెల్లగా వేడెక్కింది. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుందని తెలిసినా, చల్లారేదాకా ఆమె ఎన్నడూ చేత్తో పట్టుకుని ఉండలేదు.

"ఏం చేస్తున్నావక్కా?"

"కొలత చూస్తున్నా."

వేళ్లు విప్పి దాన్ని కుంచెల పక్కన పెట్టింది.

"రంగు వేయవా?"

"తడి ఆరనీ అన్నా. వచ్చాక వేస్తా."

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. చెల్లెలు పెట్టిన గంజి రంగులక్క సగం తాగింది. మర్నాడు తెల్లవారాక మంచం దగ్గరికి వచ్చిన నర్సు చెల్లెల్ని బయటికి తీసుకెళ్లి, నిద్రలోనే గుండె ఆగిందని చెప్పింది.

కొన్నాళ్లకు చెల్లెలు అక్క సామాను తీసుకెళ్లడానికి వచ్చింది. అచ్చులాయన నడుముగుడ్డ, కళ్లజోడు, పిడి విరిగిన టీకప్పు సంచిలో వేసి ఇచ్చాడు. ఆమె కుంచెల పక్కన ఉన్నదాన్ని చూసి, అదేమిటని అడిగింది.

"అదింకా తడారలేదమ్మా," అన్నాడతను.

ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది. రంగు గిన్నెల మధ్య అది తెల్లగానే ఉంది, ఒక పక్క నాలుగు వేళ్ల ముద్రలతో, రెండో పక్క బొటనవేలు నొక్కినచోట చిన్న గుంటతో.