పారాదీప్ చేరిన బోటు

ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో దొరక్కపోతే దాని నోరు మూసెయ్యడం మోహనకృష్ణకి అలవాటు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సీనియర్లు చెప్పిన చిట్కా అది. దానివల్ల ఎవరి కొంపా మునగదనుకునేవాడు.

2003లో వాయుగుండం పట్టిన వారం, విశాఖ బోట్లు ఏ రేవు దగ్గరైతే ఆ రేవులో దూరాయి. ఏ బోటు ఎక్కడ చేరింది, ఎంతమంది దిగారు అని చూపించే వెబ్ పేజీని బోటు యజమానుల కోసం తయారుచేసింది మద్దిలపాలెంలోని కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే మోహనకృష్ణే. ఫోన్లో వచ్చిన కబుర్లను హార్బర్‌లో గుమాస్తా గవర్రాజు టైపు కొడితే పేజీలో కనబడాలి. ఆ పొద్దున్న పేజీ తెరుచుకోలేదు. ‘టైప్ మిస్‌మ్యాచ్’ అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోయింది. అంకె ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది, దాన్ని అంకెగా మార్చబోయి సర్వర్ చతికిలబడింది. ఏ బోటు దగ్గరో వెతకాలి. బాసేమో నెత్తిమీద కూర్చున్నాడు. మన ఘనుడు వెతకలేదు. తప్పొస్తే పట్టించుకోకుండా ముందుకు పొమ్మని ప్రోగ్రాం మొదట్లో ఒక లైను రాసిపారేశాడు. పేజీ గుర్రంలా పరిగెత్తింది. బాస్ భుజం తట్టాడు. ఆ మెప్పు మోసుకుని, పేజీని కళ్ళారా చూద్దామని హార్బర్‌కి వెళ్ళాడు.

ఆఫీసు కిటికీ దగ్గర ఆడవాళ్ళు మూగి ఉన్నారు. గవర్రాజు తెర చూసి చదువుతున్నాడు. రాత్రంతా ఫోన్లు ఎత్తినవాడు, ఏ బోటుకి ఏం కొట్టాడో అతనికే గుర్తులేదు. పోతమ్మ వంతు వచ్చింది. ఆమె మొగుడు కామరాజు సముద్రం మీదున్నాడు.

“మీ బోటు పారాదీప్ సేరిపోనాదే. మనుసులు...” గవర్రాజు గొంతు తగ్గింది. “సున్నా అంటంది.”

“బోటొచ్చి మనుసులు రాకపోడమేటి? ఆల్లేటయిపోనారు?” అంటూనే పోతమ్మ కూలబడింది. ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

ఒరిస్సాలో ఉన్న పారాదీప్‌కి ఫోన్ లైను కలవడం లేదు. మోహనకృష్ణ గవర్రాజు కుర్చీలో కూర్చుని, టైపు కొట్టిన అసలు వివరాలు తెరిచాడు. ఆ బోటు ఎదురుగా ‘7+1’ అని ఉంది.

“ఏంటిది?”

“ఏడుగురు బోటోల్లు, ఒక వంటోడు సార్. వంటోన్ని యిడిగానే రాత్తాం.”

ఎనిమిదిమందీ ఒడ్డెక్కారన్నమాట. ‘7+1’ని అంకెగా మార్చలేక సర్వర్ వదిలేస్తే, ఆ గడిలో ప్రోగ్రాం ముందుగా పెట్టుకున్న సున్నాయే మిగిలిపోయింది. పొద్దున్న అది గోలపెట్టింది దీనికోసమే.

“అందరూ క్షేమమమ్మా. కంప్యూటర్‌లో తప్పొచ్చింది,” అన్నాడు.

పోతమ్మ లేచి, కిటికీ ఊచల్లోంచి అతని చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. “సల్లగుండు బాబూ!” అని, గవర్రాజు మీద విరుచుకుపడింది. “సరిగ్గా కొట్టడం రాదేటి నీకు? పానం తీసీసినావు కదరా!”

గవర్రాజు తలొంచుకున్నాడు. “నాదే తప్పు సార్. ఇకమీదట ఎనిమిదనే కొడతాను.”

“అలాగే,” అనేశాడు మోహనకృష్ణ. అనేశాక సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆమె ఇంకా తన చేతులు వదల్లేదు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది.

“ఆయన తప్పేం లేదమ్మా. ఏదో తేడా ఉందని కంప్యూటర్ పొద్దున్నే చెప్పింది. అది బయటికి కనబడకుండా నేనే చేశాను.”

ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. “తెలిసేనా?”

“తెలిసేనమ్మా.”

పోతమ్మ అతని చేతులు వదిలేసింది. తిట్టలేదు. పక్కన నిలబడ్డ ఆడవాళ్ళని చూసి, గవర్రాజు వైపు తిరిగింది.

“మిగతా బోట్లయీ మల్లీ సదువు తమ్ముడా. ఈ బాబు సూపించింది కాదు, నువ్వు కొట్టింది సదువు.”