ఎదురు ప్రశ్న

కారు నడపడం నేర్పే పనిలో ఆమె ఎంతోమంది మొండిఘటాలను దారికి తెచ్చింది. సొంత కూతురికి ఒకటో తరగతిలో సీటు తేవడం మాత్రం తలకు మించిన పనైంది.

ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ ఏనుగు బొమ్మ చూపించి, "ఇదేంటమ్మా?" అని అడిగింది. పిల్ల ఆవిడవైపు జాలిగా చూసి, "మీకు తెలీదా?" అంది. సీటు లేదన్నారు. కారణం, ఎదురు ప్రశ్నలు వేస్తుందట.

"అప్పీలు చేద్దాం," అంది ఆమె.

"బతిమాలుదాం," అన్నాడు భర్త. ఆయన మందుల షాపులో పనిచేస్తాడు. ఎవరేమన్నా తలూపడం ఆయనకు అలవాటైపోయింది.

చివరికి రెండూ చేశారు. ఆయన బతిమాలుతూ అప్పీలు రాశాడు. ఆమె పిల్లకు తర్ఫీదు మొదలుపెట్టింది.

"అడిగినదానికి చెప్పు. తిరిగి అడక్కు."

"ఎందుకడక్కూడదు?"

"అదిగో, అదే వద్దంటున్నా."

తీరా విచారణ గదిలోకి వెళ్లేసరికి పెద్ద కుర్చీలో ప్రిన్సిపాలే కూర్చుని ఉంది.

"మా అప్పీలు మీ మీదేనండీ," అంది ఆమె, నోరు ఊరుకోక.

"అప్పుడు నేను ప్రిన్సిపాల్‌ని. ఇప్పుడు అప్పీళ్ల కమిటీ అధ్యక్షురాలిని," అందావిడ కళ్లజోడు మార్చుకుంటూ. "ప్రిన్సిపాల్ నిర్ణయాన్ని నిష్పక్షపాతంగా పరిశీలించాను. ఆవిడ చాలా ఆలోచించి చేసే మనిషి."

అటూ ఇటూ ఉన్న సభ్యులు తలూపారు. భర్తా ఊపాడు. ఆమె కాలు బల్ల కింద లేని బ్రేకు కోసం వెతుక్కుంది.

తర్వాత పిల్లను పిలిచారు. ఏ బొమ్మ చూపిస్తే దాని పేరు చెప్పి, చేతులు కట్టుకుని నిలబడింది పిల్ల. ఈ బుద్ధిమంతురాలు తన కూతురేనా అని ఆమె తేరిపార చూసింది.

"మార్పు కనిపిస్తోంది. సీటిస్తున్నాం," అంది అధ్యక్షురాలు.

"అంటే ముందు వద్దనడం తప్పేగా?" అని ఆమె అడిగేసింది.

భర్త పైకి చూస్తూ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకున్నాడు.

"పిల్లకిది ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడర్థమైంది," అంది అధ్యక్షురాలు శాంతంగా. "సీటు ఖాయమే. కానీ శనివారాలు తల్లిదండ్రులకు క్లాసులుంటాయి. ఇద్దరూ రండి."

అలా కూతురికంటే ముందే తల్లి బడిలో చేరింది. మోకాళ్లు గడ్డానికి తగిలే బెంచీలో, తనలాంటి తల్లుల మధ్య, నోటికి తాళం వేసుకుని పాఠమంతా విన్నది. పాఠం పేరు 'స్కూలు మీద నమ్మకం'. చివర్లో టీచరు చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటూ, "ఎవరికైనా డౌట్లున్నాయా?" అన్నాడు.

తలలన్నీ వంగాయి. ఆమె చెయ్యి లేచింది. భర్త దాన్ని పట్టుకుని దించబోయాడు గానీ, టీచరు అప్పటికే చూసేశాడు.