బంగారు రంగు పూసిన రికార్డులు

మందిరం పైకప్పు నుంచి బంగారు రంగు చక్రాలు వేలాడుతున్నాయి. తెల్లవారితే క్రిస్మస్. చర్చి యూత్ పిల్లలు అలంకరణ బాగానే చేశారే అనుకుంటూ సుజాత లోపలికి అడుగుపెట్టింది. గాలికి ఒక చక్రం ఇటు తిరిగింది. దాని వెనకవైపు నల్లగా ఉంది. నడుమ ఎర్ర కాగితం బిళ్ల, బిళ్ల మీద తెలుగు అక్షరాలు. అవి రికార్డులు. రెండేళ్లుగా ఆమె అడుగుతున్న రికార్డులు.

సుజాత బుక్కరాయసముద్రం హైస్కూల్లో తెలుగు టీచరు. పాత క్రిస్మస్ పాటల రికార్డులంటే ఆమెకు ప్రాణం. కొత్తచెరువులో ఒక పాత సామాన్ల కొట్టులో ఇనుప ముక్కల కింద మొదటిది దొరికింది. అప్పటినుంచి ఎక్కడ పాత మిషనరీల బంగళా ఉందంటే అక్కడికి బస్సెక్కింది. తెచ్చిన రికార్డును మెత్తటి గుడ్డతో తుడిచి, వాళ్ల నాయన వదిలిపోయిన ప్లేయరు మీద పెట్టి, ఆ పాటను కంప్యూటర్లోకి ఎక్కించి, ఊరికే అందరి ఫోన్లకూ పంపేది. మా అవ్వ ఈ పాట పాడుతూ మమ్మల్ని నిద్రపుచ్చేదమ్మా అని ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్లు చేసేవాళ్లు.

ఆమె మొక్కే మందిరంలోనే, సామాన్ల గదిలో, ఒక ట్రంకుపెట్టె నిండా రికార్డులున్నాయి. సంఘం సెక్రటరీ ఓబులేష్ వాటిని ఇవ్వలేదు. చర్చి ఆస్తి గడప దాటకూడదన్నాడు. పోనీ ప్లేయరే ఇక్కడికి తెస్తానంటే, కమిటీలో పెడతానన్నాడు. కమిటీ కూర్చున్నప్పుడల్లా నేలకు వేసే టైల్స్ గురించే మాట్లాడుకుని లేచింది.

ఆ పెట్టెలోని ఒక రికార్డులో రామసుబ్బమ్మ పాడిన పాట ఉంది. బాప్తిస్మంలో కరుణమ్మ అని పేరు పెట్టినా ఊరంతా ఆమెను రామసుబ్బమ్మ అనే పిలుస్తుంది. మిషను హాస్టల్లో చదివే రోజుల్లో అక్కడి దొరసాని హాస్టలు పిల్లలను రైల్లో మద్రాసు తీసుకుపోయి పాడించింది. రికార్డుకు ఒక పక్క అందరూ కలిసి పాడారు, రెండో పక్క రామసుబ్బమ్మ ఒక్కతే పాడింది. మిషను వాళ్ల గ్రామఫోను చెడిపోయాక ఆమె తన గొంతు మళ్లీ వినలేదు. ఇప్పుడు ఎనభై దాటాయి. ఈ పండక్కి నీ పాట నీకు వినిపిస్తా పెద్దమ్మా అని సుజాత మాటిచ్చింది.

సుజాత నిచ్చెన లాక్కొచ్చి, ఎక్కి, రిబ్బన్లు తెంపడం మొదలుపెట్టింది. ఓబులేష్ వచ్చేసరికి సగం దించేసింది.

"ఏమ్మా, పండగ పూట ఈ పని చేస్తాండావు?"

"ఎవరు పూయమన్నారన్నా వీటికి రంగు?"

"నేనే చెప్పినా. పెట్టెలో ఊరికే పడుండాయి. పాటలన్నీ ఇప్పుడు ఫోన్లోనే ఉండాయి కదా, ఎవరికి పనికొస్తాయి అవి?"

"నాకు పనికొస్తాయని రెండేండ్లు నీ ఎంబడి తిరిగితిని. ఇంటికియ్యమంటే ఆస్తి అంటివి. ఈడే వింటానంటే కమిటీ అంటివి. రంగు పూసేదానికి ఏ కమిటీ కూర్చున్నిందో చెప్పు."

రేపు పెద్దవాళ్లు వస్తారని, మందిరం బోసిపోతుందని, అయినా అవి చర్చివని అతను నసిగాడు. పోలీసులను పిలుచుకో, నువ్వేం పూసినావో వాళ్లకూ చూపిస్తా అని చెప్పి సుజాత మిగిలినవీ దించి, అన్నింటినీ కప్పుకున్న దుప్పట్లో చుట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఎంత తుడిచినా రంగు ఊడిరాలేదు. ఆ కాలపు రికార్డులు లక్కతో చేసినవి. రంగు కరిగించే థిన్నరు పెడితే రంగుతో పాటు పాటా కరిగిపోతుంది. కొన్నింటికి రెండు పక్కలా పూశారు. రామసుబ్బమ్మ రికార్డుకు ఒక పక్కే పూశారు. అది ఆమె ఒక్కతే పాడిన పక్క.

క్రిస్మస్ రోజు సుజాత ఆరాధనకు పోలేదు. ప్లేయరును ఆటోలో పెట్టుకుని రామసుబ్బమ్మ ఇంటికి పోయింది. ముసలామె పంచలో కూర్చుని శెనక్కాయలు వలుస్తోంది. జరిగిందంతా సుజాత దాచకుండా చెప్పింది. వలిచే ముసలామె చేతులు ఆగలేదు. సుజాత ముందు బాగున్న పక్క వినిపించింది. పిల్లల గొంతులన్నీ ఒక్కసారి లేచాయి.

"ఈ మందలో నేను యాడుండానో నాకే తెలీదు" అంది రామసుబ్బమ్మ. "ఆ పక్క పెట్టు."

"రంగు పూసినారు పెద్దమ్మా."

"పెట్టు."

ప్లేయరు ముల్లు రంగు మీద కీచుమంది. గరగర తప్ప ఏమీ లేదు. నడుమ ఎక్కడో ఒక ఆడపిల్ల గొంతు నాలుగు మాటలు పలికి మళ్లీ మునిగిపోయింది. రామసుబ్బమ్మ చేతుల్లో కాయలు ఆగిపోయాయి.

"పెండ్లయినాక మా ఇంటాయన నన్ను పాడనియ్యలేదు. నేను పాడింటినని నా కొడుకులకు కూడా తెలీదు. నాదని చెప్పుకునేదానికి ఇదొకటే ఉన్నింది" అంది. వలిచిన కాయలు పక్కకు నెట్టి, "ఆ ఓబులేష్‌ను నేను చంకనెత్తుకొని తిరిగింటి. ఈ గీకుడుతోనే అందరికీ పంపు. నా పేరు రాయి. వాని పేరూ రాయి" అంది.

సుజాత ఆ పాటలను ఫోన్లోకి ఎక్కించి, రామసుబ్బమ్మ పాడిందనీ ఓబులేష్ రంగు పూయించాడనీ కింద రాసి, రెండు పక్కలూ అందరికీ పంపింది. సాయంత్రానికి ఓబులేష్ ఫోను. సంఘం పరువు పోతోంది, పేరు తీసెయ్యమన్నాడు. పిల్లోళ్లు తెలీక చేసినారన్నాడు.

"పిల్లోళ్లకు తెలీదు. నీకు తెలుసు" అని సుజాత ఫోను పెట్టేసింది.

రెండు రోజుల తర్వాత అతనే రామసుబ్బమ్మ ఇంటికి వచ్చాడు. కేకు పెట్టె తెచ్చాడు. ప్లేయరు ఇంకా అక్కడే ఉంది, సుజాత కూడా అప్పుడు అక్కడే ఉంది. ముసలామె అతన్ని కింద కూర్చోబెట్టి, రంగు పూసిన పక్క పెట్టమని సుజాతతో చెప్పింది. కీచుమనే చప్పుడు పంచంతా నిండింది. నడిమధ్యలో అతను చాలవ్వా అన్నాడు. కూర్చోమంది. ఆ నాలుగు మాటలు వచ్చినప్పుడు అతను తల వంచుకున్నాడు. పాట అయిపోయింది. ముసలామె కేకు పెట్టె అతని చేతికే తిరిగిచ్చింది.

కమిటీ వాళ్లు సుజాతను చర్చి స్త్రీల సమాజం నుంచి తీసేశారు. రికార్డులు ఆమె తిరిగివ్వలేదు, వాళ్లూ మళ్లీ అడగలేదు. సంక్రాంతి సెలవులకు ముందు మడకశిర నుంచి హేమావతి అనే ఆమె ఫోను చేసింది. ఆ గీకుడు పాట విన్నదట. వాళ్ల అత్త పెట్టెలో అలాంటివి నాలుగున్నాయట, తుడిచి పెట్టమంటారా అని అడిగింది.

"దేంతోనూ తుడవొద్దు. ఎవరి చేతికీ ఇయ్యొద్దు. నేనే వస్తాండా" అని సుజాత స్కూలుకు సెలవు పెట్టి బస్టాండుకు బయలుదేరింది.