వరండాకి వేసిన తాళం

చర్చి వరండాకి గ్రిల్లు బిగించి తాళం వేశారన్న సంగతి సీతమ్మకి ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే ఇడ్లీబండి తోసుకుంటూ వచ్చి తనే చూసింది. ఆకుపచ్చ రంగు ఇంకా ఆరలేదు. ముట్టుకుంటే వేలికి అంటుకుంది. ఆ వేలిని కొంగుకి తుడుచుకుని, "ఎవులు సేసినారీ పని?" అని వీధి దద్దరిల్లేలా అరిచింది.

నీలగెడ్డలో ఆ చర్చి తెల్లదొరలు కట్టించింది. సున్నపు గోడలు, ఎత్తైన పైకప్పు, ముందు ఇరవై మంది వరసగా పడుకోగలిగినంత వరండా. ఎదురుగా రోడ్డు దాటితే ప్రభుత్వాసుపత్రి. అక్కడ డయాలసిస్ గది పెట్టినప్పటి నుంచి ఉద్దానం ఊళ్ళలోని కిడ్నీ జబ్బువాళ్ళు తెల్లారేసరికి ఆటోల్లో వచ్చి దిగుతారు. నాలుగు గంటలు మిషనుకి కట్టేసినట్టు పడి ఉండి, కాళ్ళు తేలిపోతూ బయటికొస్తారు. వెంటనే ఆటో ఎక్కితే దారంతా వాంతులే. ఓ గంట ఎక్కడైనా నడుం వాల్చాలి. ఆసుపత్రిలో జాగా లేదు. అందుకని ఆరేళ్ళుగా చర్చి వరండాలో పడుకుంటున్నారు. వాళ్ళని రమ్మని ఎవరూ పిలవలేదు, పొమ్మని కూడా ఎవరూ అనలేదు.

సీతమ్మ బండి ఆ గోడ పక్కనే ఉండేది. నెల్లిమర్ల జూటుమిల్లు కార్మికుడి కూతురు ఆమె. సీమోనుని చేసుకుని ఈ ఊరొచ్చి నలభై ఏళ్ళయింది. పెళ్ళి ఈ చర్చిలోనే జరిగింది, సీమోను శవపెట్టె బయటికి వెళ్ళిందీ ఈ చర్చి గుమ్మంలోంచే. ఆయన పోయాక బండి పెట్టుకుంది. బండి పెట్టిన కొత్తలో ఒకరోజు, చేతికి పట్టీ వేసుకున్న మనిషొకడు ఇడ్లీలు కొనుక్కుని కుళాయి దగ్గరికెళ్ళి చట్నీ కడిగేసుకోవడం చూసింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"ఏటయ్యా, నా చట్నీ పాసిపోనాదా?"

"కాదప్పా. ఉప్పు తినకూడదంట. కొబ్బరీ వద్దన్నారు. ఇడ్లీలో కూడా ఉప్పుంటాది గానీ, ఆకలేస్తాది, ఏటి సేత్తాం?"

అతని పేరు పోతురాజు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. ఒంట్లో సత్తువ పోయాక తెప్ప అన్నకి వదిలేశాడు. భార్య తెల్లారకముందే చేపల గంప ఎత్తుకుని వెళ్ళిపోతుంది గనక ఒక్కడే వస్తాడు. మర్నాటి నుంచి సీతమ్మ పిండిని రెండు గిన్నెల్లో పెట్టడం మొదలెట్టింది. ఒకదాంట్లో ఉప్పు వెయ్యదు. ఆ ఇడ్లీలకి డబ్బులు పుచ్చుకోదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఉప్పెయ్యని దానికి డబ్బులేటి?" అని కసిరేది. తిన్నవాళ్ళు వరండాలో పడుకుంటే వాంతి గిన్నెలు కడిగేది, వాళ్ళు లేచి వెళ్ళాక గచ్చు తుడిచేది. అది సేవ అని ఆమెకెప్పుడూ తట్టలేదు. ఇంట్లో వాకిలి ఊడ్చుకున్నట్టే చేసేది.

ఇప్పుడు గ్రిల్లు. సీతమ్మ బండి అక్కడే వదిలేసి సంఘపెద్ద ప్రకాష్ మేష్టారింటికి వెళ్ళింది. ఆయన హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. చర్చి నూటపాతికేళ్ళ పండుగ ఏర్పాట్లన్నీ ఆయన చేతిమీదే జరుగుతున్నాయి.

"మేష్టారూ, ఆ తాళమేటి? రోగిస్టోళ్ళు ఎక్కడ తొంగుంటారు?"

"కూర్చో సీతమ్మా. పండుగకి పెద్ద పెద్దవాళ్ళు వస్తున్నారు. పాత గచ్చు తీయించి గ్రానైటు వేయించాం. వీళ్ళేమో దానిమీద వాంతులు చేసుకుంటున్నారు. అది దేవుని మందిరమా, ధర్మాసుపత్రా?"

"తుడుస్తన్నాను గదా! ఆరేళ్ళనుండీ తుడిసింది నానే గదా!"

"తుడిచినా వాసన పోదు. అయినా వాళ్ళలో మన సంఘం వాళ్ళు ఎందరు, చెప్పు?"

ఆరేళ్ళలో ఆ లెక్క సీతమ్మకెప్పుడూ తట్టలేదు. ఎవరు ఏ దేవుడికి మొక్కుతారో అడిగి ఇడ్లీ పెట్టలేదు.

"మేష్టారూ," అంది, "మన ప్రెబువు కుష్టురోగిని ముట్టుకున్నప్పుడు, నీదే సంగమని అడిగినాడేటి?"

"నాకు వాక్యం నేర్పకు," అన్నాడాయన మెల్లగా. "మూడు రోజుల పండుగ. అయ్యాక చూద్దాం. వంట మాత్రం నువ్వే చూడాలి. నీ చెయ్యి పడకపోతే ప్రేమవిందుకి రుచి రాదు."

చర్చిలో ఏ విందు జరిగినా గాడిపొయ్యి దగ్గర నిలబడేది సీతమ్మే. వండను పొమ్మని అనేద్దామనుకుంది. తినడానికొచ్చే జనం ఏ పాపం చేశారు? పళ్ళు బిగించుకుని ఒప్పుకుంది. వెళుతూ పాస్టరు ఫిన్నీ దగ్గర ఆగింది. చిన్నవాడు, వచ్చి రెండేళ్ళే అయింది. "ఓపిక పట్టండమ్మా, పెద్దలతో మాట్లాడతాను," అన్నాడు. మాట్లాడలేదు. వారం రోజులూ రోగులు గోడ పక్కన కంకర మీద గోనెసంచులు పరుచుకుని పడుకున్నారు. ఎండ జరుగుతున్న కొద్దీ సంచులు జరుపుకుంటూ ఉన్నారు. సీతమ్మ తన పాత చీరలు రెండు తెచ్చి గోడకీ బండికీ మధ్య పందిరిలా కట్టింది. పండుగ ముందురోజు సాయంత్రం ఎవరో వాటిని విప్పి, మడతపెట్టి, బండిమీద పెట్టారు. అంత చక్కగా మడతపెట్టి ఉండడం చూసి ఆమెకి మరీ మండింది.

పండుగ మొదటి రోజు పదకొండు దాటింది. చర్చి వెనకాల మూడు గాడిపొయ్యిల మీద డేగిశాలు ఉడుకుతున్నాయి. ఊరేగింపు బ్యాండు మోత వీధి చివర వినిపిస్తోంది. డయాలసిస్ గదిలో నర్సుగా చేసే షీబా పరిగెత్తుకుంటూ వచ్చింది. ఈ సంఘం పిల్లే, క్వయిరులో పాడుతుంది.

"అత్తా! పోతురాజు రోడ్డు మీద పడిపోనాడు. బీపీ దిగిపోయింది. ఊరేగింపు చూడ్డానికి జనం రోడ్డంతా నిండిపోనారు, ఆసుపత్రికి దాటించలేకపోతన్నాం. ముందు బేగి నీడలో పడుకోబెట్టి కాళ్ళెత్తాలి."

సీతమ్మ తెడ్డు అక్కడే పడేసింది. పోతురాజు గోడ వారన వెల్లకిలా పడున్నాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి. చేతి పట్టీ దగ్గర రక్తం చిమ్మింది. షీబా ఆ చోట వేలితో నొక్కి పట్టింది. పక్కనున్న ఆటో అబ్బాయిని పిలిచి ముగ్గురూ కలిసి ఎత్తారు. పదడుగుల దూరంలో వరండా. అతిథుల కోసం గ్రిల్లు తెరిచే ఉంది. లోపల ఎర్ర ముఖమల్ కప్పిన సోఫా, బల్లమీద పూలదండలు, చల్లగా తిరుగుతున్న ఫ్యాన్లు.

గుమ్మానికి అడ్డంగా ప్రకాష్ మేష్టారు నిలబడ్డాడు.

"ఇటు కాదు, ఇటు కాదు! వెనక వంటల దగ్గరికి తీసుకెళ్ళండి. అతిథులు వచ్చేస్తున్నారు!"

"వంటల కాడ మంటలున్నాయి మేష్టారూ! జరగండి!"

"సీతమ్మా, నా మాట విను. పది నిమిషాలు..."

"పది నిమిషాలకి ఈడు సచ్చిపోతే, పీనుగుని మీ గ్రానైటు మీద పెట్టనిస్తారా? అప్పుడైనా జరుగుతారా?"

ఆయన జరగలేదు. సీతమ్మ భుజంతో ఒక్క తోపు తోసింది. మేష్టారు గ్రిల్లుకి కొట్టుకున్నాడు. కళ్ళజోడు ఎగిరి కింద పడింది, ఒక అద్దం పగిలింది. పోతురాజుని తీసుకెళ్ళి ఎర్ర సోఫా మీద పడుకోబెట్టారు. సీతమ్మ అతని కాళ్ళు రెండూ ఎత్తి తన భుజాన వేసుకుని నేల మీద కూలబడింది.

కాసేపటికి అతను కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలిసి లేవబోయాడు.

"వద్దప్పా... మీ పండగ పాడైపోతాది. నన్ను బయట పడీయండి."

"నోర్ముయ్యి! తొంగో!"

అతను సోఫా మీదే వాంతి చేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే బ్యాండుతో అతిథులు వచ్చారు. ముందున్న పెద్దమనిషి వరండాలోకి ఒక అడుగు వేసి, చూసి, చేతిరుమాలు ముక్కుకి పెట్టుకుని పక్క గుమ్మం వైపు తిరిగాడు. వెనకున్నవాళ్ళూ ఆయన వెంటే తిరిగారు. లోపల పాటలు మొదలయ్యాయి. ప్రసంగంలో దొరల త్యాగాల గురించి, కలరా రోజుల్లో ఇదే వరండాలో వాళ్ళు రోగులకి ఎలా సేవ చేశారో గొప్పగా చెప్పారు. మైకులో అదంతా సీతమ్మకి స్పష్టంగా వినిపించింది. షీబా ఆసుపత్రి నుంచి తెప్పించిన సెలైను సీసా పట్టుకుని నిలబడి ఉంది. సీతమ్మకి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. చెవుల్లోంచి ఆవిరి వస్తున్నట్టుంది, అంతే. సాంబారు అడుగంటిందని ఎవరో వచ్చి చెబితే, "అంటనీ," అంది.

పది రోజుల తరవాత సంఘం కమిటీ కూర్చుంది. సంఘపెద్ద మీద చెయ్యి చేసుకున్నందుకు, పండుగని అల్లరి పాలు చేసినందుకు అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. లేకపోతే మూడు నెలలు ప్రభుబల్లలో, అంటే నెలనెలా సంఘమంతా తీసుకునే రొట్టెలో, ఆమె పాలుపంచుకోకూడదు. సీతమ్మని పిలిచి ఆ కాగితం చదివి వినిపించారు.

"కళ్ళజోడు పగిలినందుకు సెమించమని అడుగుతాను," అందామె. "తోసినందుకూ అడుగుతాను, ఆయన పెద్దాయన. సోపాకి మాత్రం అడగను."

"రెండూ ఒకటే," అన్నారు వాళ్ళు.

"కావు," అని లేచి వచ్చేసింది.

నెల మొదటి ఆదివారం వచ్చింది. సీతమ్మ తెల్లచీర కట్టుకుని ఎప్పటిలాగే వెళ్ళి, ఎప్పటి బల్ల మీదే కూర్చుంది. రాదనుకున్నవాళ్ళు తిరిగి తిరిగి చూశారు. పాస్టరు ఫిన్నీ రొట్టె ఎత్తి ప్రార్థన చేశాడు. పళ్ళెం పట్టుకుని ఒక్కో వరసకీ వచ్చింది ప్రకాష్ మేష్టారే. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నాడు. సీతమ్మ దగ్గరికి వచ్చేసరికి, ఆమె ముందు నుంచి పళ్ళెం దాటించి పక్కనున్న షీబాకి చాచాడు.

ఆ పళ్ళెం కళ్ళముందు నుంచి వెళ్ళిపోతుంటే సీతమ్మ గుండె కలుక్కుమంది. సీమోను చనిపోయిన నెలలో కూడా మానలేదు ఆ రొట్టె ముక్క. జ్వరంతో ఉన్నా వచ్చి పుచ్చుకుంది. దాన్ని ఈ మనిషి ఆపగలడా? ఆపుతున్నాడే!

షీబా చెయ్యి చాచలేదు. "నాకూ వద్దు మేష్టారూ. ఆ రోజు నేనూ మోశాను. ఆవిడకి లేనిది నాకెందుకు?"

మేష్టారు ముఖం కందిపోయింది. పళ్ళెం ముందుకి చాచాడు. ఆ చివర కృపారాణి టీచరు ఉంది. ఎనభై దాటిన మనిషి, స్త్రీల సమాజానికి ముప్ఫై ఏళ్ళపాటు పెద్దగా ఉంది. ప్రకాష్ మేష్టారుకి ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దించింది ఆవిడే. పళ్ళాన్ని రెండు చేతులా మెల్లగా వెనక్కి నెట్టింది.

"తీసుకుపో నాయనా. నాకు మింగుడుపడదు."

వెనక వరసలో ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు తల అడ్డంగా ఊపారు. అందరూ కాదు. మగవాళ్ళ వైపు చాలామంది తీసుకున్నారు. కొందరు తీసుకుని నోట్లో పెట్టుకోకుండా అరచేతిలో పట్టుకుని కూర్చున్నారు. సగానికి పైగా రొట్టెతో పళ్ళెం బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళింది. ఫిన్నీ దానివైపు చాలాసేపు చూశాడు. తన ముక్క తీసి మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. "ప్రార్థన చేద్దాం," అన్నాడు గానీ, ప్రార్థన చెయ్యకుండా పళ్ళెం మీద గుడ్డ కప్పేశాడు.

సీతమ్మ మాత్రం గెలిచినట్టు అనుకోలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంతమంది ఆకలితో లేచి వెళ్ళిపోవడానికి ఒక తాళం కారణమా? అది తియ్యడానికి ఎంత సేపు పడుతుంది?

మర్నాడు పొద్దున్న ఫిన్నీ బండి దగ్గరికి వచ్చాడు. చేతిలో తాళంచెవి. గ్రిల్లు తీసి, తలుపు రెక్కని బారుగా గోడకి ఆనించి, మళ్ళీ మూసుకుపోకుండా తీగతో కట్టేశాడు.

"కమిటీ నా మీద కోపంగా ఉందమ్మా. మీ శిక్ష కూడా ఇప్పుడే ఎత్తరట. అయినా ఇది మాత్రం తీసేశాను. ముందే తియ్యాల్సింది."

అతను ఓదార్పు కోసం చూస్తున్నాడని సీతమ్మకి అర్థమైంది. ఓదార్చాలనిపించలేదు.

"అవును బాబూ. ముందే తియ్యాల," అంది. "ఆ సీపురిలా అందుకో."

అతను చీపురందుకుని తనే ఊడవడం మొదలెట్టాడు. ఆమె వద్దనలేదు.

పదిన్నరకి డయాలసిస్ నుంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు. తెరిచిన గ్రిల్లు చూసి కూడా లోపలికి రావడానికి జంకారు. అలవాటైన కంకర మీదే సంచులు పరుచుకోబోయారు. పోతురాజు మెట్టు దగ్గర ఆగిపోయాడు. ఒక కాలు పైన, ఒక కాలు కింద.

"మీ వాళ్ళు మల్లీ నిన్నేటైనా అంటారేమోనప్పా. మాకిక్కడ బాగానే ఉన్నాది."

సీతమ్మకి ఆ మేష్టారు మాటలన్నిటికంటే ఈ మాటకే ఎక్కువ కోపం వచ్చింది. మనిషిని నీడలోకి రావడానికి భయపడేలా చేశారు గదా! చేతిలో ఉన్న గరిటె బండిమీద టంగుమని కొట్టింది.

"మా వోళ్ళేటి, మీ వోళ్ళేటి! ఎక్కు పైకి. మీరందరూ కూడా లెగండి, లోపలికి నడండి!"

ఒక్కొక్కరూ లేచి, సంచులు దులుపుకుని, వరండా ఎక్కారు.