ఆసు ముందు ఎడమ చెయ్యి

నేను ఒక ఆసును. చిటికి చీరలు, అంటే ఇక్కత్ చీరలు నేసే ఇంట్లో, మధ్యగది గోడకు ఆనుకుని ఉంటాను. ఒకవైపు అర్ధచంద్రంలా వరసగా మేకులు, ఎదురుగా ఒంటి మేకు. రంగు అద్దకముందు పట్టుదారాన్ని ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ నా మీద చుట్టాలి. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి వెళ్లి రావాలి. లెక్క తప్పితే చీర మీద పువ్వు చీలిపోతుంది.

నన్ను చేసిన వడ్రంగి టేకు చెక్కను తడిమి, ముప్పై ఏళ్లయినా ఇది కదలదని మెచ్చుకున్నాడు. కదలనిది నేనొక్కదాన్నే అనుకున్నాడు పాపం.

అండాలు కోడలిగా వచ్చిన వారానికే నా ముందు కూర్చుంది. అలాగే ఇరవై ఏళ్లు గడిచాయి. మగ్గం మీద కూర్చున్న ఆమె భర్త సత్తయ్యను ఊరంతా నేతగాడంటుంది. నా ముందు కూర్చున్నామెను ఇంటామె అంటుంది. నా దగ్గర మొదలైన చీరల్లో ఒక్కదాన్నీ నేను పూర్తిగా చూడలేదు. ఆమె చూసింది గానీ కట్టలేదు.

ఒకసారి పట్నం నుంచి ఎవరో వచ్చి, చెయ్యి పైకెత్తి నవ్వమని ఆమెను ఫొటో తీసుకున్నారు. మరుసటి ఏడు ఆ ఫొటో క్యాలెండరై నా పైనే గోడకెక్కింది. కింద 'మహిళా సాధికారత' అని పెద్ద అక్షరాలు. అప్పటికే అండాలు కుడి భుజం బిగుసుకుపోయి, జడ కూడా వేసుకోలేకపోతోంది. క్యాలెండర్లో మాత్రం ఎత్తిన చెయ్యి దించలేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆ భుజాన్ని తిన్నది నేనే కదా.

తల్లి చోటికి కూతురు భార్గవి వచ్చింది. పదో తరగతి. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి దించి నా ముందు కూర్చునేది. పది పాసై చేనేత డిప్లొమాలో చేరాలని, ఒకరు గీసిన పువ్వుకు దారం చుట్టడం కాక పువ్వు తానే గీయాలని ఆ పిల్ల ఆశ. పరీక్షలు మొదలయ్యే మార్చి సోమవారం చుట్టూ ఆ క్యాలెండర్లోనే ఎర్రగా సున్నా చుట్టుకుంది.

దానికి ముందురోజు, ఆదివారం పొద్దున సత్తయ్య మగ్గం ఆపేశాడు. సగం నేసిన చీరలో పువ్వులన్నీ చీలి ఉన్నాయి. లెక్క ఎక్కడ తప్పిందని కూతుర్ని నిలదీశాడు.

"ఎడమ చేత్తోని చుట్టిన నాయినా. కుడి చెయ్యి పరీక్షకు దాస్కున్న."

సత్తయ్య కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. చివరికి, చీర మళ్లీ మొదలుపెట్టాలన్నాడు. రేపు పొద్దుటి నుంచే చుట్టాలన్నాడు. పరీక్ష మళ్లీ ఎప్పుడైనా రాసుకోవచ్చన్నాడు. అలాంటి 'మళ్లీ' ఒకటి నాకు తెలుసు. అండాలు చదువు ఏడో తరగతిలో దాని దగ్గరే ఆగిపోయిందని దారం చుడుతూ ఆమే ఎన్నోసార్లు చెప్పింది.

భార్గవి ఏడవలేదు. పుస్తకాలు సర్ది సంచిలో పెట్టేసింది. అది చూసి నా మేకులన్నీ ఊడి పడితే బాగుండుననిపించింది. కానీ వడ్రంగి పని గట్టిది.

సోమవారం తెల్లవారగానే నా ముందు పీట పడింది. కూర్చున్నది అండాలు. దారం ఎడమ చేత్తో పట్టుకుంది. ఆ చేతికి నేను కొత్త. ఒకటి, రెండు అంటూ మొదలుపెట్టి, తప్పి, విప్పి, మళ్లీ చుట్టింది. సత్తయ్య గడపలో నిలబడి చూశాడు. తర్వాత మగ్గం గదిలోకి వెళ్లిపోయాడు. భార్గవి పరీక్షకు పోయింది.

మధ్యాహ్నం వేళ్లకు ఇంకు మరకలతో వచ్చి, అలవాటుగా దారం అందుకోబోయింది. అండాలు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకెన్ని పరీక్షలున్నయి?"

"అయిదు."

"అయిదూ అయ్యేదాకా దీని దగ్గరికి రాకు బిడ్డా."

నా దగ్గరికి రావద్దని ఎవరైనా ఎవరికైనా చెప్పడం ఈ ఇంట్లో అదే మొదలు. నాకు పండగలా అనిపించింది. ఆ పిల్ల పుస్తకం తీసుకుని అరుగు మీదికి వెళ్లింది.

గదిలో మేమిద్దరం మిగిలాం. అండాలు ఎడమ భుజాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పుకుని, మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది.