కూర మాడిన వాసన

సముద్రంలో చలికి తట్టుకోలేక అందరూ డైవింగ్ సూట్లోనే ఉచ్చ పోసుకుంటారు. డాక్టర్లు, లాయర్లు, తోక్యో నుంచి విమానమెక్కి వచ్చే పెద్ద ఉద్యోగులు, ఎవరూ ఒప్పుకోరు గానీ అందరూ అంతే. సాయంత్రం పడవ మా దీవిలోని నాహా రేవుకు చేరాక ఆ సూట్లన్నీ తిరగేసి మంచినీళ్ళ తొట్లో ముంచి పిసికేది నేను. "మా ఆవిడకి ముక్కు పనిచెయ్యదు లెండి, అదృష్టవంతురాలు" అని మా ఆయన మొరికాజు అతిథుల ముందు నవ్వుతాడు. వాళ్ళూ నవ్వుతారు. ఆ నవ్వులో నేనూ కలవాలి, లేకపోతే ఇంటికెళ్ళాక "మొహం అలా పెట్టుకుంటే మళ్ళీ ఎవరొస్తారు మన పడవకి?" అంటాడు.

నిజానికి నీళ్ళలో ఊపిరి పీల్చడం అతనికి నేర్పింది నేనే. అప్పట్లో నేను వేరే పడవలో శిక్షకురాలిని. మొదటిరోజు అతను భయంతో నా వేళ్ళు నొప్పెట్టేలా పట్టుకుని వదల్లేదు. పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి ఈ పడవ కొన్నాం. అమ్మాయి పుట్టింది. "తల్లి సముద్రం అడుగున తిరుగుతుంటే పిల్ల ఏడుపు ఎవరికి వినపడుతుందమ్మా?" అంది అత్తగారు, ఎంతో మెత్తగా. పిల్ల ఏడుపు మానేసింది, బడికెళ్ళింది, పెద్దదై ఒసాకాలో ఉద్యోగంలో చేరింది. అత్తగారు పోయారు. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అతిథుల్ని కిందికి తీసుకెళ్ళడానికి తోబరు అనే గైడ్‌ని పెట్టుకుంటున్నప్పుడు, "నేనున్నాను కదా" అన్నాను. మొరికాజు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు దిగితే వంటెవరు చేస్తారు?" అన్నాడు. లంగరు ఇరుక్కున్నప్పుడో, ఎవరి కెమెరానో జారిపోయినప్పుడో మాత్రం నేను డైవర్నని అతనికి గుర్తొస్తుంది.

ఆ శనివారం కెరామా దీవుల దగ్గర అదే జరిగింది. ఉదయం డైవింగ్ అయిపోయి అతిథులంతా పైకి వచ్చేశారు. పడమట నల్లగా కమ్ముకొస్తోంది. వాన తగలకముందే దీవి చాటుకు పోవాలని తొందర. లంగరు కదల్లేదు. తోబరు అప్పుడే పైకొచ్చి రొప్పుతున్నాడు. కింద చిన్న వంటగదిలో నేను అన్నం సర్దుతున్నాను, పంది మాంసం కూర పొయ్యి మీద సన్నమంట మీద ఉంది.

"ఏయ్, కాస్త దిగి చూడు" అన్నాడు మొరికాజు.

సూటు వేసుకుని, ఎవరో సగం వాడిన గాలి సిలిండర్ తగిలించుకుని దిగాను. లంగరు కొక్కెం రెండు రాళ్ళ మధ్య దిగబడిపోయి ఉంది. దాన్ని అటూ ఇటూ ఊపి వదిలించి, పైవాళ్ళకి గుర్తుగా తాడు రెండుసార్లు లాగాను. లంగరు పైకి వెళ్ళిపోయింది. నేను దానితో పాటు పరుగెత్తకూడదు కదా, అంత వేగంగా పైకొస్తే ఒంటికి ప్రమాదం; నెమ్మదిగా, మధ్యలో కాసేపు ఆగి మరీ పైకి వచ్చాను. తల బయటపెట్టేసరికి పడవ వెనకభాగం దూరంగా, చిన్నదిగా కనిపించింది. చెయ్యి ఊపాను. ఇంజను హోరులో, వాన మొదలైన సందడిలో ఎవరికి కనిపిస్తుంది? పడవ కొండ చాటుకు తిరిగిపోయింది.

నాకు మొదట వచ్చిన ఆలోచన ప్రాణం గురించి కాదు, పొయ్యి మీద కూర గురించి. కలపకపోతే అడుగంటుతుంది అనుకున్నాను. నీళ్ళలో ఒంటరిగా తేలుతూ, వాన మొహం మీద కొడుతుంటే, ఉప్పు వేశానా లేదా అని కూడా ఆలోచించాను. ఆ తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. నన్ను ఎప్పుడు వెతుక్కుంటారో నాకు తెలుసు. ఆకలేసినప్పుడు. తువాలు కావాలన్నా, వేడినీళ్ళు కావాలన్నా "ఏయ్" అంటాడు, ఆ "ఏయ్"కి జవాబు రాకపోతే అప్పుడు. దగ్గర్లో ఒక ఇసుక దిబ్బ ఉంది, ఈదితే చేరగలను. చేరి ఏం చెయ్యను? తేలడానికి తొడుక్కునే డైవింగ్ చొక్కాలో గాలి నింపుకుని వెల్లకిలా పడుకున్నాను. వాన వెలిసింది. చెవులు నీళ్ళలో మునిగి ఉన్నాయి, ఎవరి పిలుపూ లేదు. ఇలా ఎవరికీ ఏమీ అందించకుండా చేతులు ఖాళీగా పెట్టుకుని ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు. అసలు అలాంటి రోజు ఉందో లేదో కూడా తెలియలేదు.

చాలాసేపటికి ఇంజను చప్పుడు వినిపించింది. ఈసారి నేను చెయ్యి ఊపలేదు. నిచ్చెన ఎక్కుతుంటే కళ్ళు నిండిపోయాయి. అతిథులు చప్పట్లు కొట్టారు.

"అరవొచ్చు కదా! గొంతు లేదా?" అన్నాడు మొరికాజు. అతని మొహం పాలిపోయి ఉంది. అందరూ చూస్తున్నారని గమనించగానే సర్దుకున్నాడు. "దీనికేమవుతుందండీ, చేప! వదిలేసినా ఈదుకుంటూ ఇంటికొచ్చేస్తుంది." అందరూ ఊపిరి పీల్చుకుని నవ్వారు.

తోబరు తల వంచుకుని దగ్గరికొచ్చాడు. "తప్పయిపోయింది అక్కా. నేను ముందువైపు లంగరు లాగుతున్నాను, మీరు వెనకనుంచి ఎక్కేశారనుకున్నా. కూర మాడిన వాసనొస్తే కిందికెళ్ళి చూశాను. మీరు లేరు."

"నీదేం తప్పురా?" అన్నాడు మొరికాజు. తర్వాత నాతో, గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు అన్నాడు: "బయల్దేరేముందు మనుషుల్ని లెక్కపెట్టేది రోజూ నువ్వే కదా. నువ్వు లేకపోతే నువ్వు లేవని చెప్పేదెవరు?"

అతను తమాషాకి అనలేదు. నిజంగానే అడిగాడు. తడి సూటుతోనే కిందికి దిగి, మాడిన కూర పారబోసి, డబ్బా మాంసం వేయించి, గుడ్లు కొట్టి అందరికీ అన్నం పెట్టాను. "ఇదే బావుంది" అన్నారు.

సాయంత్రం రేవులో తొట్టి ముందు కూర్చుని సూట్లు పిసుకుతున్నాను. పక్క పడవల వాళ్ళకి మొరికాజు కథ చెబుతున్నట్టున్నాడు, పెద్దగా నవ్వులు వినిపిస్తున్నాయి. ఫుకుఓకా నుంచి ఒంటరిగా వచ్చిన నర్సు ఇసోబే నా పక్కన వచ్చి చతికిలబడింది. పొద్దున పడవెక్కగానే నా పేరు అడిగింది ఆవిడొక్కతే.

"చిజురు గారూ, మీరు లేరని నేను గమనించాను" అంది. "గమనించి కూడా నోరు మూసుకున్నాను. మీ ఆయనే అక్కడున్నారు కదా, ఆయనకి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. చాలా భయపడి ఉంటారు."

"భయపడ్డాను" అన్నాను, చేతిలోని సూటు తిరగేస్తూ.

"అంతే మరి. పడవ కనపడకుండా పోతే ఎవరికైనా..."

"అప్పుడు కాదమ్మా" అన్నాను. "అది మళ్ళీ కనపడినప్పుడు."