జానెడు కుడికి

నా విల్లుకున్న గురిపిన్నును ఎవరో జరిపారు.

వేటకొచ్చిన నాలుగో రోజు పొద్దున, గుడారం ముందు దుంగ మీద కూర్చుని విల్లు తుడుస్తుండగా చూశాను. ఇంటికి తీసుకెళ్ళి అటక మీద పడేసేదానికి ఇంత తుడుపు ఎందుకని నన్ను నేనే తిట్టుకుంటూ తుడుస్తున్నాను. గురి చూసే ఆ పిన్ను ఉండే పట్టీ మీదా, దాన్ని బిగించిన దిమ్మ మీదా కలిసొచ్చేలా గోళ్ళరంగుతో సన్నటి గీత ఒకటి గీసుకోవడం నాకు అలవాటు. పట్టీ ఏమాత్రం కదిలినా గీత విరుగుతుంది, కంటికి తెలిసిపోతుంది. ఆ గులాబీ గీత ఇప్పుడు రెండు ముక్కలైంది. పై ముక్క ఎడమకి, బియ్యపుగింజ పొడవున జరిగి ఉంది. దారి కుదుపులకి మర వదులైందేమో అనుకున్నాను. వదులైతే పట్టీ ఊగాలి. బొటనవేలితో నెట్టి చూశాను. ఊగలేదు. జరిపినవాళ్ళు మళ్ళీ జాగ్రత్తగా బిగించి పెట్టారు.

పిన్ను ఎడమకి జరిగితే బాణం కుడికి పోతుంది. మొన్న నేను కొట్టిన జింక తల ఎడమకి ఉంది. భుజం వెనక, గుండెలో తగలాల్సిన బాణం పొట్టలోకి వెళ్ళింది. రెండు రోజులుగా అన్నం దగ్గరా, నిద్రలోనూ తిప్పి తిప్పి చూసుకున్న ఆ ఒక్క క్షణం మళ్ళీ కళ్ళముందు నిలబడింది. ఈసారి మాత్రం అందులో నా చెయ్యి వణకలేదు.

లేచి, మొదటి సాయంత్రం పరీక్షగా బాణాలు వేసిన గడ్డిమోపు దగ్గరికి నడిచాను. ఆ సాయంత్రం మూడు బాణాలు వేస్తే మూడూ గురికి పెట్టిన బొట్టులోనే పడ్డాయి. మా ఆయన వేడ్ పక్కనే నిలబడి చూశాడు. "గడ్డి పరిగెత్తదు కదా, డీ" అన్నాడు నవ్వుతూ. తర్వాత నేను విల్లు గుడారంలో తగిలించి, వంటకి కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఈ కొండల్లో సెప్టెంబరు వచ్చిందంటే నేను చేసే పని అదే. పెట్టెలు సర్దడం, పొయ్యి రాజెయ్యడం, చిక్కుళ్ళు ఉడకబెట్టడం, వేడ్‌వీ, మామగారివీ తడి మేజోళ్ళు పొగ తగలకుండా ఆరబెట్టడం. జింక పడితే మాంసం సంచుల్లో వేసి కిందికి మొయ్యడం, ఇంటికెళ్ళాక కొయ్యడం, కాగితంలో చుట్టడం, పైన తారీఖు రాసి 'వేడ్ జింక' అని నా చేతిరాతతోనే రాయడం. చుట్టాలొస్తే వేడ్ పళ్ళెం ముందుకు తోసి "మావిడ చెయ్యి పడితే చాలు" అంటాడు. పొగడ్తే. నేనూ పొగడ్తగానే తీసుకున్నాను, చాలా ఏళ్ళు.

విల్లు పట్టడం నేర్చుకుంది వాళ్ళు అడవిలో తిరుగుతున్న ఖాళీ మధ్యాహ్నాల్లోనే. తర్వాత నాకంటూ ఒకటి కొనుక్కుందామని వెళ్తే దుకాణం అతను, విల్లు చేతిలో పట్టుకుని నిలబడ్డ నన్ను వదిలేసి, "ఆవిడ ఎంత బరువు లాగగలదు?" అని వేడ్‌ని అడిగాడు. "నలభై పౌండ్లు లాగితే నేను నా టోపీ తీసి మొక్కుతా" అన్నాడు వేడ్. నేను యాభై రెండు లాగాను. టోపీ తియ్యలేదు.

ఆడజింకలకి మామూలు లైసెన్సు చాలు; ఈ లోయలో మగజింకని కొట్టాలంటే మాత్రం లాటరీలో ట్యాగ్, అంటే ఒక్క జింకకి చెల్లే అనుమతి చీటీ, రావాలి. రాని ప్రతి ఏడూ మన పేరు మీద ఒక పాయింటు చేరుతుంది. పాయింట్లు ఎక్కువున్నవాళ్ళకే ట్యాగ్. భార్యాభర్తలు కలిపి దరఖాస్తు వేస్తే, ఇద్దరిలో ఎవరికి తక్కువుంటే ఆ లెక్కే ఇద్దరికీ. వేడ్ తన పాయింట్లు ఏడేళ్ళ కిందట తండ్రితో చేసిన వేటలో వాడేసుకున్నాడు. నావి పద్నాలుగు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఇద్దరి పేర్లూ కలిపి రాసి పంపేవాడు, ప్రతి ఏడూ రాలేదనేవాడు. "మనం ఒక జట్టు కదా" అనేవాడు. ఈ ఏడు నేను ఒక్కదాన్నే వేసుకున్నాను. వచ్చింది. వేడ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టాడు. "సరే, ఈసారి వంట నేను చేస్తాలే" అన్నాడు. చెయ్యలేదు. నేనూ అడగలేదు.

గడ్డిమోపు ముందు ముప్ఫై గజాలు కొలుచుకుని నిలబడ్డాను. లాగి, బొట్టు మీద పిన్ను పెట్టి వదిలాను. బొట్టుకి కుడి పక్క, జానెడు దూరంలో దిగింది. రెండోది దాని పక్కనే. మూడోది ఆ రెంటి మధ్య ఇరుక్కుంది.

విల్లు కింద పెట్టేసి గడ్డిలో కూలబడ్డాను. ఏడుపు వచ్చింది నా కోసం కాదు. ఆ జింక ముఖం నాకు తెలుసు. కొమ్ముల మీద ఇంకా నూగు ఉంది, మఖమల్ గుడ్డలాగా. ఎడమ చెవికి చిన్న చీలిక. దాని కోసం బూట్లు విప్పేసి, ఉన్ని మేజోళ్ళతో రాళ్ళ మీద గంటన్నర పాకాను. వేడ్ వెనక గట్టు మీద, దుర్భిణితో చూస్తూ ఉన్నాడు. అది లేచి నిలబడ్డాక లాగాను. బాణం దూసుకుపోయి అవతల రాళ్ళలో పడింది. తీసి చూస్తే ఈకలకి ఆకుపచ్చటి పసరు. వాసన చూడనక్కర్లేకుండానే తెలిసింది. పొట్ట. అలాంటి దెబ్బకి జింక వెంటనే చావదు. తరిమితే మైళ్ళు పోతుంది. అందుకే సగం రోజు కదలకుండా కూర్చోవాలి, దాన్ని పడుకోనివ్వాలి. కూర్చున్నాం. అది ఎక్కడో స్ప్రూస్ చెట్ల మధ్య పడుకుని నొప్పి పడుతోందని తెలిసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం వాన వచ్చి నెత్తుటి చుక్కలు కడిగేసింది. ఆ సాయంత్రమూ, మర్నాడంతా మోకాళ్ళ మీద వెతికాను. దొరకలేదు.

"చెయ్యి వణికింది, డీ. ఒప్పుకుంటే తేలికపడతావు" అన్నాడు వేడ్. ఒప్పుకున్నాను. తేలికపడలేదు.

"అమ్మాయ్! కాఫీ లేదా ఇవాళ?"

మామగారు వెర్న్ గుడారం బయటికి వచ్చాడు. డెబ్బై తొమ్మిదేళ్ళు. ఈ శిబిరం ఆయనది. ఇక్కడి నియమమూ ఆయనదే: జింకని గాయపరిచి పోగొట్టుకున్నవాళ్ళు, అది దొరికినట్టే లెక్క వేసుకుని, తమ ట్యాగ్ తామే కోసెయ్యాలి. చట్టం అడగదు. వెర్న్ అడుగుతాడు. వెతకడానికి నాకు రెండు రోజులు గడువిచ్చాడు. ఇవాళ కొయ్యాలి. కోస్తే నా వేట ముగిసినట్టే. మళ్ళీ పద్నాలుగేళ్ళు. అప్పటికి నాకు అరవై దాటతాయి.

"పొయ్యి అక్కడే ఉంది, వెర్న్. కాఫీ డబ్బా ఎర్ర పెట్టెలో ఉంది" అన్నాను.

ఆయన కనుబొమలు పైకి లేచాయి. "ఓహో. జింక పోయింది, కాఫీ కూడా పోయిందన్నమాట" అంటూ నా వైపు నడిచొచ్చాడు. గడ్డిమోపు చూశాడు. ఆగిపోయాడు. కీళ్ళవాతంతో కొంకర్లు పోయిన వేళ్ళతో మూడు బాణాల చుట్టూ గుండ్రంగా తడిమాడు. మూడూ కలిపి ఒక గుప్పిట్లో పడతాయి.

"ఇప్పుడు వేశావా ఇవి?"

"ఇప్పుడే."

"చెయ్యి వణికేవాళ్ళవి ఇలా ఒక్కచోట పడవే."

"పడవు."

విల్లు అందించాను. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఈ గోళ్ళరంగు చూసే, "ముస్తాబు చేసి పెళ్ళికి పంపుతావా దీన్ని?" అని ఆయన మొన్ననే వేళాకోళం చేశాడు. ఇప్పుడు నవ్వలేదు. ఆ మరలు తిప్పడానికి అగ్గిపుల్లంత చిన్న పానా కావాలి. వెర్న్ వేళ్ళు చొక్కా గుండీలే పెట్టుకోలేవు. ఈ కొండ మీద ఉన్నది ముగ్గురం. ఆయన తల ఎత్తి నన్ను చూడలేదు. గుడారం వైపు చూసి, ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు.

"వేడ్!" అని పిలిచాడు. "ఇలా రారా."

వేడ్ ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. గడ్డిమోపు చూశాడు. తండ్రి చేతిలో విల్లు చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "ఏమైంది? దారిలో కుదుపులకి జరిగుంటుంది. ట్రక్కు ఎంత గెంతిందో చూశాంగా" అన్నాడు.

"ట్రక్కు దిగాకే కదా ఇక్కడ మూడు వేశాను. నువ్వే చూశావు."

"అయితే రాయికి తగిలుంటుంది. పాకావు కదా."

"రాయి మర విప్పి, జరిపి, మళ్ళీ బిగించదురా" అన్నాడు వెర్న్.

వేడ్ నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇంట్లో ఏది జరిగినా నలుగురి ముందు అడగకు, లోపలికెళ్ళాక మాట్లాడుకుందాం అనే చూపు. ఇరవై రెండేళ్ళలో ఎన్నోసార్లు లోపలికెళ్ళాం. లోపల ఎప్పుడూ ఏమీ మాట్లాడుకోలేదు. నేను అన్నం వడ్డించేదాన్ని, అతను తినేవాడు, అది సమసిపోయిందని ఇద్దరం అనుకునేవాళ్ళం. ఇప్పుడు కూడా నా కాళ్ళు వాటంతటవే పొయ్యి వైపు తిరగబోయాయి. కాఫీ పెడితే ఆ నిమిషం గడిచిపోతుంది. గడపడం నాకు అంత బాగా వచ్చు.

జేబులోంచి ట్యాగ్ తీశాను. కత్తి తీశాను.

"ఆగమ్మాయ్" అన్నాడు వెర్న్. "నీ తప్పు కాదిది. ఈ నియమం పెట్టినవాణ్ణి నేనే చెప్తున్నా, నువ్వు కొయ్యనక్కర్లేదు. ఇంకా పదిరోజులుంది సీజను. పిన్ను సరిచేసుకుని మళ్ళీ వెళ్ళు."

"దానికి తగిలింది నా బాణం, వెర్న్. అది నా వల్లే చచ్చింది. ఎక్కడో."

కోశాను. పద్నాలుగేళ్ళు కత్తికింద చాలా మెత్తగా తెగాయి. రెండు ముక్కలూ గడ్డిమోపు మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టాను. చేతులు వణకలేదు. అప్పుడు వేడ్ వైపు తిరిగాను.

"నా వంతు నేను చేశాను. ఇక నేను కిందికి నడిచిపోతాను. ట్రక్కు తీసుకెళ్తాను. మా చెల్లెలింటికి. మీ నాన్ననీ, ఈ సామాన్లనీ ఎలా దింపుకుంటావో నీ ఇష్టం. వెళ్ళేముందు ఒక్కటే అడుగుతున్నాను. నా చెయ్యి వణికిందని నాతో ఒప్పించావే. వణికిందా?"

వేడ్ తండ్రి వైపు చూశాడు. వెర్న్ ముఖం తిప్పుకున్నాడు. వేడ్ అక్కడే, తడి గడ్డిలో, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"లేదు" అన్నాడు. "నేనే తిప్పాను. ఆ సాయంత్రం నువ్వు చిక్కుళ్ళు కలుపుతున్నావు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. బాణం గాల్లోకి పోతుందనే అనుకున్నాను, ఒట్టు, దానికి తగులుతుందనుకోలేదు. తెల్లారి నీకు చెప్పేద్దామనుకున్నాను, నువ్వు అప్పటికే బూట్లు విప్పుతున్నావు. గట్టు మీంచి చూస్తూ ఉన్నాను. నువ్వొక్కసారి కూడా వెనక్కి చూడలేదు. లాగి పట్టుకున్నప్పుడు ఒక్క కేక వేస్తే చాలు, జింక పారిపోయేది, అంతా అక్కడితో అయిపోయేది. కేక నోటిదాకా వచ్చింది. వెయ్యలేదు, డీ. నువ్వు గురి తప్పితే చూడాలనిపించింది."